సందక్‌ఫూ దారిలో ఊపిరితిత్తుల్లోకి నీరు

పశ్చిమ బెంగాల్‌కూ నేపాల్‌కూ సరిహద్దుగా సాగే సింగలీలా పర్వతశ్రేణి మీద, మానేభంజన్ నుంచి తుమ్లింగ్, కాలిపోఖ్రి, సందక్‌ఫూల మీదుగా ఫాలుట్ దాకా నడిచేవాళ్ళకు గుడారం మోయవలసిన పని ఉండదు. సాయంత్రానికల్లా ఏదో ఒక బస దొరుకుతుంది, కప్పుకోవడానికి బరువైన రజాయిలిస్తారు, వేడిగా అన్నమూ పప్పూ పెడతారు. డిసెంబరులో ఆకాశం నిర్మలంగా ఉండి కాంచన్‌జంగా బాగా కనబడుతుందన్న ఆశతో, కాలేజీ రోజులనాటి మిత్రుడితో కలిసి ఆ దారి పట్టాను. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదులో బతికే మేము, నడక మొదలుపెట్టిన మూడో రాత్రికే 3,636 మీటర్ల సందక్‌ఫూలో పడుకునేలా ఏర్పాటు చేసుకున్నాం. చాలామంది వెళ్ళే పద్ధతి అదే.

కాలిపోఖ్రిలో పొడిదగ్గు మొదలైంది. బస నడిపే ఆవిడ వెల్లుల్లి దంచి వేసిన సూప్ ఇచ్చింది, మిత్రుడు అమృతాంజనం డబ్బా తీశాడు. చలికి పట్టిన దగ్గుకు ఎవరైనా చేసేది అంతే కదా! మర్నాడు బిఖేభంజన్ దాటాక వచ్చే నిటారు ఎక్కుడులో, హైదరాబాదు కేబీఆర్ పార్కులో ఎప్పుడూ నా వెనకే నడిచే మిత్రుడు, మలుపు మలుపుకీ నాకోసం ఆగవలసి వచ్చింది.

ఆ రాత్రి సందక్‌ఫూలో వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందలేదు. గోడకు ఆనుకుని కూర్చుంటే కొంత నయంగా ఉండేది గానీ, కొబ్బరిబొండం అడుగున మిగిలిన నీళ్ళను స్ట్రాతో పీల్చినప్పటి గురగుర నా ఛాతీలోంచి వినిపించింది. మిత్రుడు కోవిడ్ నాటి ఆక్సీమీటరును వెంట తెచ్చాడు. చల్లబడ్డ వేళ్ళకు అది సరిగా పనిచేయదని, నా చేతిని తన స్వెట్టర్ లోపల చంకలో పెట్టుకుని వెచ్చబడేదాకా ఉంచి, మళ్ళీ వేలికి తగిలించాడు. రక్తంలో ఆక్సిజన్ శాతం నాకు 66, వాడికి 87. "ఒరేయ్, ఫాలుట్ లేదు, ఏమీ లేదు, లే" అన్నాడు. గైడ్‌ను లేపితే అతను టార్చి వేసి నా పెదవుల రంగు చూసి, "సాబ్, అభీ నీచే జానా హై" (ఇప్పుడే కిందికి వెళ్ళాలి) అని జీపు కోసం పరుగెత్తాడు.

ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే. ప్రాణవాయువు చాలకపోతే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. అవి అన్ని చోట్లా ఒకేలా బిగుసుకోక, తెరుచుకుని ఉన్న భాగాల్లో ఒత్తిడి పెరిగి, సన్నటి రక్తనాళాల నుంచి ద్రవం గాలిగదుల్లోకి ఊరుతుంది. దీన్నే వైద్యులు హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడిమా అంటారు. చలి దీన్ని మరింత ఎగదోస్తుంది. కండబలం ఉన్నవాణ్ణనీ, పదేళ్ళుగా రోజూ నడిచేవాణ్ణనీ అది చూడదు. ఆక్సిజన్, రక్తనాళాల బిగువును సడలించే నిఫెడిపిన్ మాత్ర తోడ్పడతాయి గానీ, అసలు మందు కిందికి దిగడమే. రాళ్ళదారిలో ల్యాండ్‌రోవర్ కుదుపులకు ఎముకలు కదిలిపోతున్నా, మానేభంజన్ చేరేసరికి ఒక వాక్యం ఆగకుండా మాట్లాడగలిగాను. సిలిగురి ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేలో కుడివైపు తెల్లటి మచ్చలు కనిపించాయి. ఆక్సిజన్ పెట్టారు, రెండు రాత్రులు ఉంచుకుని పంపించారు.

హైదరాబాదు చేరాక మా పెద్దమ్మ దాన్ని నిమ్ముగా తేల్చి, పసుపు వేసి ఆవిరి పట్టించింది. ఛాతీ డాక్టరు మాత్రం, ఇన్ఫెక్షన్ లక్షణాలు లేవు గనుక యాంటీబయాటిక్స్ అక్కర్లేదని చెప్పి, గుండెలో పుట్టుకతో వచ్చిన రంధ్రం వంటిదేమైనా ఉందేమోనని ఎకో తీయించారు. ఏమీ లేదని తేలింది. ఎక్స్‌రే త్వరగానే శుభ్రపడింది గానీ, మా అపార్టుమెంటు మెట్లెక్కేటప్పుడు రెండో అంతస్తు దగ్గర రెయిలింగు పట్టుకుని నిలబడడం సంక్రాంతి దాటాక గానీ పోలేదు. నన్ను ఎక్కువగా విసిగించింది ఆ నీరసం కన్నా, చలిలో కొండలకెందుకు వెళ్ళావని పలకరింపుకొచ్చిన ప్రతివాళ్ళూ అడగడం.

ఒకసారి వచ్చినవాళ్ళకు ఇది మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువట. వెళ్ళి తీరాలనుకుంటే, 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలనీ, ముందుగా నిఫెడిపిన్ వాడే విషయం తనతో మాట్లాడాలనీ డాక్టరు చెప్పారు. మిత్రుడు ఫాలుట్ మాట మళ్ళీ ఎత్తాడు. తుమ్లింగ్‌లో రెండు రాత్రులు, కాలిపోఖ్రిలో రెండు రాత్రులు ఆగేట్టయితేనే వస్తానన్నాను. సెలవు చాలదని వాడింకా లెక్కలు వేస్తున్నాడు.