మూర్తిమత్వ రుగ్మతల చాప్టర్‌లో మార్కులు ఎక్కడ పోతాయి?

సైకాలజీ పేపర్‌కు తయారవుతున్న మిత్రులకు.

ఈ చాప్టర్‌లో పది రుగ్మతల (పర్సనాలిటీ డిజార్డర్ల) పేర్లూ, వాటి కింద లక్షణాలూ బట్టీ పట్టి చాలామంది ముందుకెళ్లిపోతారు. డైరెక్ట్ బిట్ వస్తే గట్టెక్కుతారు. కేస్ ఇచ్చి ఇది ఏ రుగ్మత అని అడిగితే మాత్రం రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కుంటారు. బయటికి కనిపించే ప్రవర్తన నాలుగైదు రుగ్మతల్లో ఒకేలా ఉంటుంది మరి. ఆ మనిషి అలా ఎందుకు చేస్తున్నాడన్న దగ్గరే తేడా తెలుస్తుంది.

ఒక కేస్ చూడండి. ఆఫీసులో ఒకతను రోజూ ఒంటరిగా కూర్చుని భోంచేస్తాడు, పిలిచినా వెళ్లడు. అతనికి మనుషుల సావాసం మీద ఆసక్తే లేదు, పొగిడినా తిట్టినా ఒకటే అంటే స్కిజాయిడ్. వెళ్లాలని ఉన్నా నవ్వుతారేమో, తీసిపారేస్తారేమోనని ఆగిపోతుంటే అవాయిడెంట్. తను అన్న మాటను రేపు తన మీదకే వాడతారని నోరు విప్పకపోతే పారనాయిడ్. ఎంతకాలం పరిచయమున్నా బెరుకు తగ్గక, పక్క టేబుల్ వాళ్ల నవ్వులో తనకేదో సంకేతం ఉందనుకుంటూ, వింత నమ్మకాలూ ఉంటే స్కిజోటైపల్. అందుకే కేస్ చదివేటప్పుడు కారణం చెప్పే ముక్క కింద పెన్సిల్‌తో గీత గీయండి.

ఈ పదింటినీ ఏ, బి, సి అని మూడు క్లస్టర్లుగా, అంటే గుంపులుగా విడదీస్తారు. పై నాలుగింటిలో అవాయిడెంట్ ఒక్కటే క్లస్టర్ సి. దాని మూలం ఆందోళన. డిపెండెంట్, అబ్సెసివ్ కంపల్సివ్ దాని తోడు. మిగతా మూడూ క్లస్టర్ ఏ.

క్లస్టర్ బి దగ్గర 'ఎదుటివాళ్ల నుంచి ఏం కావాలి' అని అడగండి. హిస్ట్రియానిక్‌కు అందరి చూపూ తన మీదే ఉండాలి, జాలిపడినా సరే. నార్సిసిస్టిక్‌కు మెప్పే కావాలి, జాలి అవమానం. యాంటీసోషల్‌లో ఇతరుల హక్కులంటే లెక్కలేదు, పశ్చాత్తాపం కనబడదు. బోర్డర్‌లైన్‌లో ఎదుటి మనిషి వదిలేసి వెళ్తాడేమోనన్న భయం. ఆ భయం నిజమైన బాధ. దాన్ని 'నాటకం' అని రాసుకున్న నోట్స్ చూస్తే కష్టంగా ఉంటుంది, అలా రాసుకోకండి.

బోర్డర్‌లైన్‌నూ, మూడ్ ఉత్సాహానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే బైపోలార్‌నూ కాలమే విడదీస్తుంది. బోర్డర్‌లైన్‌లో మూడ్ సాధారణంగా కొన్ని గంటల్లో మారుతుంది, ఎక్కువగా ఏదో సంబంధంలో జరిగిన సంఘటన వల్ల. బైపోలార్‌లో కనిపించే మితిమీరిన ఉత్సాహ దశ మేనియా, దాని తేలిక రూపం హైపోమేనియా. హైపోమేనియా అనాలంటే కనీసం వరుసగా 4 రోజులు, మేనియాకు వారం ఉండాలి. పేరు దగ్గరగా ఉన్న ఇంకో జంట ఉంది. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్)లో ఆలోచనలు మనిషిని వేధిస్తాయి, వద్దనుకున్నా వస్తాయి. అబ్సెసివ్ కంపల్సివ్ మూర్తిమత్వంలో తన పద్ధతే సరైనదన్న నమ్మకం. జాబితాల్లో మునిగి అసలు పనే మర్చిపోవడం, తన పద్ధతిలో చెయ్యరని పని ఇంకొకరికి అప్పగించకపోవడం అందులో కనబడతాయి.

డీఎస్ఎం-5 (అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల రోగ నిర్ధారణ గ్రంథం)లో ఒక్కో రుగ్మతకు ఇచ్చిన లక్షణాల్లో కనీసం ఎన్ని ఉండాలో చెప్పే అంకెలను గుంపులుగా పట్టుకోండి. స్కిజోటైపల్, బోర్డర్‌లైన్, నార్సిసిస్టిక్: 9లో 5. పారనాయిడ్, స్కిజాయిడ్, అవాయిడెంట్: 7లో 4. హిస్ట్రియానిక్, డిపెండెంట్: 8లో 5. అబ్సెసివ్ కంపల్సివ్: 8లో 4. యాంటీసోషల్‌కు 7లో 3తో పాటు వయసు 18 నిండాలి, 15 ఏళ్లలోపే కాండక్ట్ డిజార్డర్ (నియమాలనూ ఇతరుల హక్కులనూ పదేపదే ఉల్లంఘించే ప్రవర్తన) ఆనవాళ్లు ఉండాలి. కేస్‌లో వయసు ఇచ్చారంటే ఊరికే ఇవ్వరు.

లక్షణాలున్నంత మాత్రాన రుగ్మత కాదు. అవి పలు సందర్భాల్లో, యౌవనారంభం నుంచి, మార్పు లేకుండా సాగుతూ, బాధనో జీవితంలో ఇబ్బందినో తేవాలి. ఈ చాప్టర్ చదివాక ఇంట్లోవాళ్లకు పేర్లు పెట్టే అలవాటు వస్తుంది. అది వాళ్లకూ మీ సమాధానానికీ చేటు.

ప్రశ్నలో ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ) అని ఉంటే లెక్క మారిపోతుంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఆ వర్గీకరణలో ఈ పది రకాలు లేవు. ముందు తీవ్రత చూస్తారు: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ఆపైన ఐదు లక్షణ క్షేత్రాలు, విడిగా బోర్డర్‌లైన్ ప్యాటర్న్. స్కిజోటైపల్ అక్కడ స్కిజోఫ్రెనియా వర్గంలో ఉంటుంది. ఇది ఆప్షన్లలో పెట్టడానికి అనువైన ఉచ్చు.

రివిజన్‌కు పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద పది పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన 'ఏం కావాలి, దేనికి భయం' అని ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోయినవే మళ్లీ చదవండి. మాక్ టెస్ట్‌లో బిట్ తప్పితే, కేస్‌లోని ఏ మాట చూసి పొరబడ్డారో ఆ వాక్యం పక్కనే రాసిపెట్టుకోండి.