నా రిపోర్టులో ఆ ఒక్క వాక్యం

నా రొమ్ములోని గడ్డకు సూది గుచ్చి, ముక్క తీసి చేసిన పరీక్ష (బయాప్సీ) ఫలితం నిన్న సాయంత్రం చేతికొచ్చింది. క్యాన్సర్ కాదు, ఫైబ్రోఅడినోమా అనే మామూలు గడ్డ. నెల రోజులుగా గుండెల మీద ఉన్న కుంపటి దిగింది. కోపం మాత్రం దిగలేదు. అది చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకు 46 ఏళ్లు. విజయనగరం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. రెండేళ్ల కిందట మా అప్పకు, అంటే అక్కకు, రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్, కీమో అన్నీ అయి ఇప్పుడు బాగానే ఉంది. అప్పటి నుంచి నన్నూ చూపించుకోమని ఒకటే పోరు. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ వెళ్లిన వారంలో ఊళ్లోనే ఒక కేంద్రంలో మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకున్నాను.

పరీక్ష ఏమంత కష్టం కాదు. రెండు పలకల మధ్య రొమ్మును అదిమి ఫోటో తీస్తారు, కొన్ని క్షణాలు నొప్పి పుడుతుంది. నెలసరి ముగిసిన వారంలో వెళితే నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో పౌడరు రాసుకోవద్దు, ఫోటోలో చుక్కల్లా పడి తికమక పెడుతుంది. చీరలో వెళితే జాకెట్టు ఒక్కటి తీస్తే సరిపోతుంది.

మర్నాడు రిపోర్టు ఇచ్చి, కౌంటరులో అమ్మాయి "నార్మల్ మేడమ్" అంది. ఇంటికొచ్చి చదివితే మధ్యలో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. రొమ్ము కణజాలం దట్టంగా ఉంది, కేటగిరీ సి, చిన్న గడ్డలు కనబడకుండా పోవచ్చు అని దాని అర్థం. అట్టడుగున "బైరాడ్స్ 1" అని ఉంది. గడ్డలు కనబడకపోవచ్చని వాళ్లే రాసి, అంతా బాగుందని వాళ్లే ఎలా చెబుతారు? "సి అంటే క్యాన్సరా?" అని మావారు అడిగారు. కాదని గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

పొద్దున్నే సెలవు పెట్టి మళ్లీ వెళ్లాను. సంతకం చేసిన డాక్టరు గారితో మాట్లాడాలన్నాను. ఆయన పేషంట్లతో మాట్లాడరన్నారు. కదలకుండా కూర్చున్నాను. రెండు గంటల తర్వాత కౌంటరు అతను హాలు అంతా వినబడేలా "రొమ్ము పరీక్ష మేడమ్ ఎవరండీ? మీకేమిటి సందేహం?" అని అరిచాడు. ఇరవై మంది తలలు తిప్పి చూశారు. అందులో మా బడి పిల్లల తండ్రులు ఇద్దరున్నారు. కొంగు భుజం చుట్టూ లాక్కుని లేచిన ఆ నడక నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

డాక్టరు తల ఎత్తలేదు. "నార్మల్ అని రాశాను కదమ్మా."

"మరి సి అంటే ఏమిటండీ? గడ్డలు కనబడకపోవచ్చని కూడా రాశారు."

"అది డాక్టర్ల కోసం రాసింది. మీకు చెప్పినా అర్థం కాదు. మీవారిని పంపించండి, ఆయనకు చెబుతాను."

ఇరవై రెండేళ్లుగా పదో తరగతికి సంభావ్యత చెబుతున్నదాన్ని. నా దగ్గర లెక్కలు నేర్చుకున్న వాళ్లలో నలుగురు ఇవాళ డాక్టర్లు. రొమ్ము నాది, కట్టిన డబ్బు నాది, కాగితం మీద పేరు నాది. ఈ మాటలన్నీ ఆయనతో అనాల్సింది, గొంతు పెగల్లేదు. "అనవసరమైన భయాలు పెట్టుకోకండి" అంటూ ఆయన తర్వాతి వాళ్లను పిలిచాడు. బయటికొచ్చి స్కూటీ తాళం పెట్టబోతే చేతులు వణికాయి. మెట్ల మీద అరగంట కూర్చున్నాను.

ఆ వారమే ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి, విశాఖపట్నంలో మా అప్పకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నా ఫోటోను, కణజాలం దట్టంగా లేని ఇంకొకరి ఫోటోను తెర మీద పక్కపక్కన పెట్టింది. కొవ్వు నల్లగా కనిపిస్తుంది, పాల గ్రంథులు, నార కణజాలం తెల్లగా కనిపిస్తాయి. క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. నాకు వెంటనే తట్టింది: నల్లబల్ల మీద సుద్దముక్కతో చుక్క పెడితే చివరి బెంచీకి కూడా కనిపిస్తుంది, అదే చుక్క సున్నం కొట్టిన గోడ మీద పెడితే ముందు బెంచీకి కూడా కనిపించదు. నా ఫోటో సున్నం గోడ.

అక్షరం వేరు, అంకె వేరు అని కూడా అప్పుడే తెలిసింది. ఎ నుంచి డి దాకా అక్షరాలు కణజాలం ఎంత దట్టమో చెబుతాయి. సి, డి అయితే దట్టమైనవి. బైరాడ్స్ అంకె మాత్రం ఆ ఫోటోలో అనుమానించదగ్గది ఏమైనా కనిపించిందా లేదా అన్నది చెబుతుంది. 1 అంటే ఏమీ కనిపించలేదని. దట్టంగా ఉండటం జబ్బు కాదు. నలభై దాటిన వాళ్లలో దాదాపు సగం మందికి అలాగే ఉంటుంది. వయసుతో పాటు సాధారణంగా తగ్గుతుంది. చేత్తో తడిమి చూస్తే తెలియదు, మామోగ్రామ్‌లోనే తెలుస్తుంది. గడ్డను దాచడంతో పాటు క్యాన్సర్ వచ్చే అవకాశాన్నీ అది కొంత పెంచుతుంది.

మా అప్ప సంగతి కూడా ఉంది కాబట్టి అల్ట్రాసౌండ్ చేయిస్తే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. ఆ వెంటనే ఇంకో మాటా చెప్పింది: "టీచరు గారూ, అందులో క్యాన్సర్ కానివి కూడా కనబడతాయి. అనవసరంగా సూది గుచ్చించుకోవలసి రావచ్చు. ఆలోచించుకుని మీరే చెప్పండి." నన్ను అడిగింది, మావారిని కాదు. చేయించుకుంటానన్నాను. ఎడమ రొమ్ములో 8 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది. సూది పడింది, పది రోజులు నరకం, చివరికి ఏమీ కాదని తేలింది. అయినా ఆ సూది గురించి నాకు బాధ లేదు. ఎందుకు గుచ్చుతున్నారో నాకు తెలుసు. అల్ట్రాసౌండ్ ఉంది కదా అని మామోగ్రామ్ మానకూడదని కూడా ఆమె చెప్పింది. తొలి దశ క్యాన్సర్‌కు గుర్తు కాగల సన్నటి కాల్షియం చుక్కలు మామోగ్రామ్‌లోనే బాగా పట్టుబడతాయట.

తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన నాన్సీ కాపెల్లో అనే ఆమెకు మామోగ్రామ్ బాగుందన్నారు. కొన్ని వారాలకే, 2004లో, మూడో దశ క్యాన్సర్ బయటపడింది. తన రొమ్ము కణజాలం దట్టమైనదని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమె పోరాటంతో, కణజాలం దట్టంగా ఉంటే ఆ స్త్రీకి చెప్పాలని 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. 2024 సెప్టెంబరు 10 నుంచి ఆ దేశమంతటా మామోగ్రామ్ తీసిన కేంద్రమే ఆ సంగతిని స్త్రీకి నేరుగా, సులభమైన మాటల్లో రాసివ్వాలి. మీవారిని పంపించండి అనడం కాదు.

ఇవాళ స్టాఫ్ రూములో నా రిపోర్టు తెరిచి, ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి అందరికీ చూపించాను. మా హిందీ టీచరు మధ్యాహ్నం ఇంటికెళ్లి, మూడేళ్ల కిందటి తన రిపోర్టు బీరువాలోంచి తీసుకొచ్చింది. నార్మల్ అన్నారని అప్పట్లోనే మడిచి పెట్టేసిందట. అందులో డి అని ఉంది. శనివారం పొద్దున ఆరు గంటల బస్సుకు ఇద్దరం విశాఖ వెళుతున్నాం.