రొయ్యల గుంటల మీద మెష్: దిక్కుకొక రేడియో

విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర షెడ్లు గట్టు వెంట వరసగా ఉంటాయి. అక్కడ ఆమ్నీ (అన్ని వైపులకూ సిగ్నల్ చిమ్మే) యాంటెన్నాలతో మెష్, అంటే ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి డేటాని అందించుకుంటూ పోయే వైఫై నెట్‌వర్క్, కడితే పవర్‌లో ఎక్కువ భాగం నీళ్ల పాలే. ఒకే దిక్కుకి గురిపెట్టే గ్రిడ్ యాంటెన్నాలే సరి. కాకపోతే వాటిని పెట్టగానే రూటింగ్ (డేటా ఏ దారిన పోవాలో ఎంచుకునే) తీరు మారిపోతుంది, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే.

మధ్య షెడ్డులో ఒకే రేడియోకి స్ప్లిటర్ పెట్టి రెండు వైపులా రెండు గ్రిడ్‌లు తగిలించొద్దు. ఒక్కో వైపు 3 డీబీ, అంటే సగం పవర్, పోతుంది. పైగా అటు చివరి షెడ్డు మాట ఇటు చివరి షెడ్డుకి వినపడదు, ఇద్దరూ ఒకేసారి పంపితే మధ్యలో ప్యాకెట్లు గుద్దుకుంటాయి. దిక్కుకొక రేడియో పెట్టండి: ఒకటి 149వ చానెల్, ఇంకోటి 165. పైపు మీద ఒకదానికొకటి కనీసం మీటరు ఎడం ఉండాలి. రెండింటినీ బ్యాట్‌మ్యాన్‌కి (మెష్‌లో దారులు ఎంచే సాఫ్ట్‌వేర్) వేరువేరు ఇంటర్‌ఫేసులుగా ఇస్తే, వీలైనంత వరకు ప్యాకెట్‌ని వచ్చిన రేడియో మీదే తిప్పి పంపకుండా అదే చూసుకుంటుంది.

ఇక అసలు చిక్కు. బ్యాట్‌మ్యాన్ నాలుగో రకం (BATMAN IV) లింకు నాణ్యతను, అందరికీ కలిపి పంపే బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు ఎన్ని అందాయో చూసి లెక్కేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో అవి మామూలుగా 6 ఎంబీపీఎస్ వేగంతో పోతాయి కాబట్టి సన్నటి సిగ్నల్‌కి కూడా అందుతాయి. చానెళ్లు రెండే కాబట్టి మూడో షెడ్డు రెండో రేడియో మళ్లీ 149 మీదే ఉంటుంది; ఒకటో షెడ్డు గ్రిడ్ సైడ్ లోబ్ (గురి పక్కకి చిమ్మే బలహీన సిగ్నల్) దానికి మైనస్ 84 డీబీఎం దగ్గర తగిలిందనుకోండి. రూటింగ్ టేబుల్లో లింకు నాణ్యత 255కి 240 చూపిస్తుంది. రెండు హాప్‌ల (అంచెల) మంచి దారిని వదిలేసి ఈ అడ్డదారి పట్టేస్తుంది. పింగ్ బాగానే ఉంటుంది, కెమెరా వీడియో మాత్రం కదలదు. మందు రెండు చోట్ల వేయాలి: మల్టీకాస్ట్ (ఆ బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ల) వేగాన్ని 18000కి, అంటే 18 ఎంబీపీఎస్‌కి, పెంచండి, మెష్ ఆర్ఎస్ఎస్ఐ (అందే సిగ్నల్ బలం) హద్దును మైనస్ 75గా పెట్టండి. 802.11ఎస్ (వైఫై సొంత మెష్ పద్ధతి) మీద నడుపుతుంటే దాని సొంత ఫార్వర్డింగ్ ఆపి, ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1532 చేయడం మరవకండి.

గురి కుదిరిందో లేదో లెక్కే చెబుతుంది. 5.8 గిగాహెర్ట్జ్‌లో 3 కిలోమీటర్లకు గాలిలో సిగ్నల్ నష్టం 117 డీబీ. యాంటెన్నాతో కలిపి 36 డీబీఎం దాటకూడదు కాబట్టి 23 డీబీఐ (యాంటెన్నా గెయిన్) గ్రిడ్‌కి రేడియోని 13కి తగ్గించాలి. అప్పుడు అవతలా అదే గ్రిడ్ ఉంటే మైనస్ 58 రావాలి. మైనస్ 75 దగ్గర ఆగిందంటే సైడ్ లోబ్ మీద కూర్చున్నట్టే. ఒక చివర కదలకుండా ఉంచి, రెండో చివర నిదానంగా తిప్పండి. రేడియోలో దూరం 3000 మీటర్లని రాయకపోతే ఏక్ (ప్యాకెట్ అందిందన్న జవాబు) ఆలస్యమై, సిగ్నల్ నిండుగా ఉన్నా ప్యాకెట్లు మళ్లీ మళ్లీ పోతుంటాయి.

ఎత్తు విషయం: అదే దూరానికి మధ్యలో ఫ్రెనెల్ జోన్ (రెండు యాంటెన్నాల మధ్య గీత చుట్టూ సిగ్నల్‌కి కావలసిన జాగా) వ్యాసార్ధం 6.2 మీటర్లు, అందులో 60 శాతం, అంటే 3.7 మీటర్లు ఖాళీ కావాలి. దారిలో సరుగుడు తోట ఉంటే ఈనాటి ఎత్తు కాదు, కోత నాటి ఎత్తు లెక్కేసుకోండి.

ఉప్పుగాలికి మామూలు బోల్టులు ఆగవు, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడండి. కనెక్టర్‌కి వాటర్‌ప్రూఫ్ టేపు కింది నుంచి పైకి చుట్టాలి, అప్పుడే మడత మీద మడత పడి వాన జారిపోతుంది. నవంబరు తుపాను గాలికి పైపు కొన్ని డిగ్రీలు తిరిగితే, రూటింగ్ టేబుల్లో మళ్లీ ఆ అడ్డదారే కనిపించొచ్చు. అప్పుడు సెట్టింగుల జోలికి పోకుండా ముందు క్లాంపు చూడండి.