గొట్టం దిగకముందే సగం పని: బ్రిటన్‌లో జీర్ణనాళ పరీక్షల ఉద్యోగం

బ్రిటన్‌లోని పెద్ద ఆసుపత్రుల్లో జీఐ ఫిజియాలజీ అనే చిన్న విభాగం ఉంటుంది. ఎండోస్కోపీలో పుండు లేదు, గడ్డ లేదు, స్కాన్ మామూలుగానే ఉంది, అయినా ముద్ద దిగదు, ఛాతీలో మంట తగ్గదు, తిన్నాక కడుపు ఉబ్బుతుంది. అలాంటివాళ్లను ఇక్కడికి పంపుతారు. ఎండోస్కోపీ లోపలి పొర ఎలా ఉందో చూపిస్తుంది. ఆ నాళం పని చేస్తోందా లేదా అన్నది ఇక్కడ ఒత్తిడి, ఆమ్లం, వాయువు కొలిచి తేలుస్తాం.

మన దగ్గర ఈ పరీక్షల్లో గొట్టం వేసేది సాధారణంగా టెక్నీషియన్, రిపోర్టు రాసేది గ్యాస్ట్రోఎంటరాలజిస్టు. ఇక్కడ చాలాచోట్ల రెండూ ఒకే మనిషి చేస్తారు, సంతకమూ వాళ్లదే. అందుకే అర్హత విషయంలో పట్టుదల ఎక్కువ. క్లినికల్ సైంటిస్ట్ అనే హోదాకు చట్టరక్షణ ఉంది; ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టరులో పేరు లేకుండా దాన్ని వాడకూడదు. ఇక్కడే చదివేవాళ్లకు ఎస్‌టీపీ అనే మూడేళ్ల శిక్షణ ఉంది, జీతంతోపాటు మాస్టర్స్ డిగ్రీ కూడా వస్తుంది. బయటినుంచి వచ్చినవాళ్లు చేసిన పనికి ఆధారాలు పోగేసి, సమానార్హత దారిలో వెళ్లాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎన్ని కేసులు చేశామన్న లెక్క ఒక్కటే ఆ దారిలో చాలదు. ప్రతి కేసులో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రాసి చూపాలి. ఇండియాలో ఉండగానే పేర్లు తీసేసిన కేసు నోట్సు రాసిపెట్టుకోవడం, దానిమీద పై డాక్టరు సంతకం తీసుకోవడం చాలా మేలు.

ఈ పనిలో మొదట ఒంటబట్టాల్సింది ఒకటుంది. తెరమీద కనిపించే అంకె విలువ పరీక్షకు ముందు చేసిన తయారీ విలువే. తయారీ చెడితే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పుడు జబ్బు చూపిస్తుంది, అదీ పక్కాగా చూపిస్తుంది.

హై రిజల్యూషన్ మానోమెట్రీనే తీసుకుందాం. అన్నవాహిక కండరాల ఒత్తిడిని కొలిచే పరీక్ష ఇది. ఎక్కువగా వాడే క్యాథెటర్, అంటే ముక్కులోంచి వేసే సన్నటి గొట్టం, సుమారు 4 మిల్లీమీటర్ల మందం, సెంటీమీటరుకొకటి చొప్పున 36 సెన్సర్లు. ఆ ఒత్తిళ్లను రంగుల పటంగా చూపించే పద్ధతికి 1990ల్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రే క్లౌస్ బాట వేశారు. ఆ పటాల్ని చదివే నియమాలకే చికాగో వర్గీకరణ అని పేరు. ఇప్పుడు నడుస్తున్న 4.0 రూపం 2021లో అచ్చయింది.

రోగి కనీసం నాలుగు గంటలు, ముద్ద దిగనివాళ్లయితే ఇంకా ఎక్కువసేపు, ఏమీ తినకుండా రావాలి. ముక్కులో మత్తు జెల్ రాసి, కూర్చోబెట్టి, గొట్టం గొంతుకు చేరగానే గడ్డం ఛాతీకి ఆనించి స్ట్రాతో నీళ్లు గుక్కగుక్కగా మింగమంటాం. తెరమీద రెండు అడ్డపట్టీలు కనబడాలి. పైది గొంతు దగ్గరి కవాటం, కిందిది పొట్ట ముఖద్వారం. కింది పట్టీ కనబడగానే పని అయిపోయిందనుకోవడం కొత్తవాళ్లు చేసే తప్పు. మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చమనాలి. ఛాతీనీ పొట్టనీ వేరుచేసే కండరం డయాఫ్రం; దాని కింద ఒత్తిడి పెరగాలి, పైన తగ్గాలి. ఆ తిరగబాటు కనబడలేదంటే గొట్టం పొట్టలోకి దిగలేదని అర్థం. అకలేసియా (మింగినా కింది కవాటం సడలని జబ్బు) ఉన్నవాళ్లలో కవాటం తెరుచుకోక, పెద్ద హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జరగడం) ఉన్నవాళ్లలో దారి వంకరపోయి, గొట్టం అన్నవాహికలోనే మడత పడుతుంది. అప్పుడు తెరమీది బొమ్మ అద్దంలో చూసినట్టు కిందా పైనా ఒకేలా వస్తుంది. వెనక్కి లాగి మళ్లీ ప్రయత్నించాలి. అయినా దిగకపోతే మొండిపట్టు పట్టకుండా ఎండోస్కోపీ సాయంతో వేయించాలి.

తర్వాత రోగిని పడుకోబెట్టి 5 మిల్లీలీటర్ల నీళ్లు పదిసార్లు మింగిస్తాం. మింగుడుకూ మింగుడుకూ మధ్య 30 సెకన్లు ఆగాలి. ఎక్కువ పరీక్షలు పాడయ్యేది ఇక్కడే. గొట్టం ఉన్న గొంతులో లాలాజలం ఊరుతుంది, భయంలో రోగి తనకు తెలియకుండానే ఇంకోసారి మింగేస్తాడు. రెండో మింగుడు మొదలైతే మొదటి అల (ముద్దను కిందికి నెట్టే కండరాల కదలిక) మధ్యలోనే ఆగిపోతుంది. అది నాడీవ్యవస్థ సహజ ధర్మం, జబ్బు కాదు. కానీ పటంలో మాత్రం అన్నవాహిక చచ్చుబడినట్టు కనిపిస్తుంది. అలాంటి మింగుళ్లను కొట్టేసి మళ్లీ చేయించాలి. ఓపికగా, మెల్లగా మాట్లాడుతూ ఉండటం ఈ గదిలో మర్యాద కోసమే కాదు, రికార్డింగు నాణ్యత కోసం కూడా. ఆ తర్వాత 2 మిల్లీలీటర్లు ఐదుసార్లు వెంటవెంటనే మింగిస్తే, చివర ఒక బలమైన అల రావాలి. కండరంలో ఇంకా శక్తి మిగిలి ఉందా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. కూర్చోబెట్టి మరికొన్ని మింగుళ్లు, ఆపకుండా 200 మిల్లీలీటర్లు తాగించడం కూడా 4.0లో భాగమే.

కింది కవాటం ఎంత సడలిందో చెప్పే అంకె ఐఆర్‌పీ. మింగిన తర్వాతి పది సెకన్లలో అతి తక్కువ ఒత్తిడి ఉన్న నాలుగు సెకన్ల సగటు అది. పడుకున్నప్పుడు దాని హద్దు ఒక కంపెనీ క్యాథెటర్‌కు 15 మిల్లీమీటర్ల మెర్క్యురీ, ఇంకో రకానికి 22. మన దగ్గర నీటిధార పద్ధతి గొట్టాలమీద చేయి తిరిగినవాళ్లు ఇక్కడ అవే హద్దులు పట్టుకుంటే ఆరోగ్యవంతుడికి జబ్బు అంటగడతారు, జబ్బున్నవాణ్ణి వదిలేస్తారు. ఇంకో చిక్కు వేడిది. గది ఉష్ణోగ్రత దగ్గర సున్నా చేసిన సెన్సర్లు శరీరంలో వేడెక్కి మెల్లగా ఎక్కువ చూపించడం మొదలుపెడతాయి. హద్దు 15 అయినప్పుడు నాలుగైదు మిల్లీమీటర్ల తేడా చిన్నది కాదు. గొట్టం బయటికి తీసిన వెంటనే, రికార్డింగు ఆపకుండా, సెన్సర్లను ముట్టుకోకుండా కొన్ని సెకన్లు గాల్లో పట్టుకుంటే సాఫ్ట్‌వేర్ ఆ తేడాను సవరిస్తుంది. ముందే రికార్డింగు ఆపేస్తే ఆ అవకాశం పోయినట్టే.

మందుల జాబితా కూడా నమ్మకంగా అడగాలి. కోడీన్, ట్రమడాల్ లాంటివి వాడేవాళ్లలో కవాటం సడలదు, అలలు ముందుగానే పడతాయి. అచ్చం అకలేసియా మూడో రకంలానో, కండరం బిగుసుకుపోయినట్టో కనిపిస్తుంది. బ్రిటన్‌లో కోడీన్ కలిసిన పారాసెటమాల్ మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. దాన్ని చాలామంది మందుగా లెక్కెయ్యరు. ‘మందులేమైనా వాడుతున్నారా’ అని అడిగితే లేదంటారు, ‘తలనొప్పికి ఏం వేసుకుంటారు’ అంటే బయటపడుతుంది. వీలైతే, రాసిన డాక్టరుతో మాట్లాడి, ఆ మందు ఆపాకే పరీక్ష చెయ్యాలి. ఐఆర్‌పీ పెరిగిందన్న ఒక్క కారణంతో ఎవరినీ చికిత్సకు పంపరు. బేరియం తాగించి 1, 2, 5 నిమిషాలకు తీసిన ఎక్స్‌రే కూడా అదే మాట చెప్పాలి.

అన్నవాహికలోకి ఆమ్లం ఎంత వస్తోందో కొలిచే ఇరవైనాలుగు గంటల పీహెచ్ పరీక్షలో పని తక్కువ, జాగ్రత్త ఎక్కువ. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. ఆమ్లం తగ్గించే ప్రజోల్ మందులు ఏడు రోజుల ముందు ఆపాలి. సెన్సర్‌ను పీహెచ్ 4, 7 ద్రావణాల్లో సరిచూసి, కింది కవాటం పై అంచుకు 5 సెంటీమీటర్ల పైన నిలపాలి. అన్నవాహికలో పీహెచ్ 4 కంటే తక్కువగా ఉన్న సమయం మొత్తంలో 6 శాతం దాటితే రిఫ్లక్స్ (పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నడం) ఖాయం, 4 లోపు ఉంటే లేనట్టే, మధ్యలో ఉంటే వేరే ఆధారాలు వెతకాలి. భోజన సమయాల్ని లెక్కలోంచి తీసేస్తాం, ఎందుకంటే చింతపండు చారైనా నిమ్మకాయ పచ్చడైనా తనంతట తానే ఆమ్లం. కాబట్టి తినడం మొదలెట్టిన నిమిషం, ఆపిన నిమిషం రాయాలి, అదీ రికార్డరు మీది గడియారం చూసి. మంట వచ్చిన క్షణానికీ రిఫ్లక్స్‌కూ మధ్య చూసేది రెండు నిమిషాల వ్యవధి మాత్రమే. చేతిగడియారం మూడు నిమిషాలు తేడాగా ఉంటే ఉన్న సంబంధం కూడా లేనట్టే తేలుతుంది. మనవాళ్లలో ఇంకో అలవాటుంది: పరీక్ష కదా అని ఆ రోజు కారం మానేసి బ్రెడ్డు తిని గడుపుతారు. రోజూ ఏం తింటే మంట వస్తుందో ఆ రోజూ అదే తినాలని ముందే నొక్కి చెప్పాలి.

తెలుగువాళ్లకు ఎక్కువగా పనికొచ్చే మాటలు ఊపిరి పరీక్ష గురించే. మన కణాలు హైడ్రోజన్ తయారుచెయ్యవు. పేగులోని బ్యాక్టీరియా పిండిపదార్థాన్ని పులియబెట్టినప్పుడే అది పుడుతుంది, రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా బయటికొస్తుంది. 10 గ్రాముల లాక్టులోజో (చిన్నపేగులో అరగని చక్కెర) 75 గ్రాముల గ్లూకోజో తాగించి, 15–20 నిమిషాలకోసారి ఊపిరి నమూనా తీస్తాం. 90 నిమిషాల్లోపు హైడ్రోజన్ 20 పీపీఎం (పదిలక్షల పాళ్లలో ఇరవై) పెరిగితే చిన్నపేగులో బ్యాక్టీరియా ఎక్కువైందని 2017 ఉత్తర అమెరికా ఏకాభిప్రాయ పత్రం చెబుతోంది.

నాలుగు వారాలుగా యాంటీబయోటిక్ వాడి ఉండకూడదు, కొలొనోస్కోపీకి పేగు కడిగి ఉండకూడదు. ముందు రోజు పులిసేవి, పీచున్నవి మానాలి. ఆసుపత్రి ఇచ్చే కాగితంలో బీన్స్, హోల్‌మీల్ బ్రెడ్ అని ఉంటుంది. అది చదివిన తెలుగు రోగి పప్పు, సాంబారు, ఇడ్లీ తినొచ్చనుకుంటాడు. అవేవీ కూడదు. మినపప్పు వల్ల ఇడ్లీ, దోశ. ఉల్లి, వెల్లుల్లి వల్ల కూరలు. పాలు, పెరుగు, పండ్లు అన్నీ పక్కన పెట్టాలి. అప్పుడే వండిన తెల్లన్నం, ఉప్పు, నూనె, మాంసాహారులైతే ఉల్లి లేకుండా వండిన చికెనో చేపో గుడ్డో. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం వద్దంటాం, చల్లారిన అన్నంలో అరగని పిండి పెరుగుతుంది కనక. రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లే. పొద్దున సిగరెట్టు కాల్చకూడదు, నోరు పుక్కిలించుకోవాలి, లేకపోతే నోట్లోని బ్యాక్టీరియా మొదటి పావుగంటలోనే దొంగ శిఖరం చూపిస్తుంది. బస్సు తప్పి పరుగెత్తుకొచ్చినవాళ్లని కాసేపు కూర్చోబెట్టాలి, వేగంగా ఊపిరి తీస్తే వాయువు పలచబడుతుంది. మొదటి నమూనాలోనే 20 పీపీఎం దాటితే తయారీ సరిగా లేదని ఇంకో రోజుకు వాయిదా వెయ్యాలి. సెలవు పెట్టి వచ్చాడన్న జాలితో కొనసాగిస్తే ఆ రోజూ వృథా, రిపోర్టూ వృథా.

హైడ్రోజన్ మాత్రమే కొలిచే పాత యంత్రాలతో ఇంకో ప్రమాదముంది. కొందరి పేగుల్లోని మీథేన్ జీవులు నాలుగు హైడ్రోజన్ అణువులు తీసుకుని ఒక మీథేన్ చేస్తాయి. హైడ్రోజన్ గీత నేలబారుగా ఉంటుంది, పరీక్ష మామూలే అని రాసేస్తారు. మీథేన్ ఏ దశలోనైనా 10 పీపీఎం ఉంటే దాన్ని ఎక్కువగానే లెక్కిస్తారు.

లాక్టులోజ్ పరీక్షను మాత్రం అతిగా నమ్మకూడదన్నది మా గట్టి అభిప్రాయం. అది విరేచనకారి కూడా, పేగు కదలికను పెంచుతుంది. 90 నిమిషాల్లోపే పెద్దపేగుకు చేరితే అక్కడి మామూలు బ్యాక్టీరియానే హైడ్రోజన్ ఇస్తుంది. లాక్టులోజ్‌తోపాటు రేడియోధార్మిక గుర్తు ఉన్న పదార్థం ఇచ్చి కెమెరాతో గమనించిన కెనడా పరిశోధకులు 2011లో ఈ మాటే చెప్పారు: ఐబీఎస్ (పుండూ గడ్డా లేకుండానే కడుపునొప్పి, విరేచనాల తేడా వచ్చే జబ్బు) రోగుల్లో హైడ్రోజన్ పెరిగేసరికి ఆ ద్రవం చాలావరకు పెద్దపేగుకు చేరుతోంది. గ్లూకోజ్‌కు ఆ చిక్కు తక్కువే కానీ అది చిన్నపేగు పైభాగంలోనే ఇంకిపోతుంది, కింది భాగం సంగతి చెప్పలేదు. పైగా 75 గ్రాములు. షుగరున్నవాళ్లయితే ముందే తెలుసుకోవాలి.

లాక్టోజ్ (పాలలోని చక్కెర) పరీక్షలో మనవాళ్లకు పాజిటివ్ రావడం వింతేమీ కాదు. దక్షిణాది జనంలో ఎక్కువమందికి చిన్నతనం దాటాక దాన్ని అరిగించే ఎంజైము లాక్టేజ్ తగ్గిపోతుంది. పరీక్షలో ఇచ్చే 25 గ్రాములు సుమారు అరలీటరు పాలలో ఉండేంత లాక్టోజ్, అదీ ఒక్కసారిగా, ఖాళీ కడుపున. రోజుకు రెండు కప్పుల కాఫీ, గిన్నెడు పెరుగన్నం తినేవాడి ఉబ్బరానికి అదే కారణమని తేల్చడానికి అంకె ఒక్కటే చాలదు. పరీక్ష నడుస్తున్న మూడు గంటల్లో నొప్పి, ఉబ్బరం, విరేచనం వచ్చాయా, ఏ నిమిషంలో వచ్చాయి అని పక్కన రాయాలి. లక్షణాలు లేకుండా వాయువు మాత్రమే పెరిగితే పెరుగు మాన్పించాల్సిన పనిలేదు.

తెలుగు రోగి వస్తే ‘మీరే మాట్లాడెయ్యండి’ అని తోటి సిబ్బంది అంటారు. పలకరించడం, ధైర్యం చెప్పడం వరకు మంచిదే. సమ్మతి పత్రం దగ్గర మాత్రం ఆసుపత్రి ఏర్పాటు చేసే దుబాసీనే పిలిపించాలి. వెంట వచ్చిన కొడుకునో కోడలినో నమ్ముకోకూడదు. మలవిసర్జన, మలం ఆపుకోలేకపోవడం గురించి అడిగేటప్పుడు అత్తగారు కోడలి ముందు నిజం చెప్పరు.

పరిశోధన పని తోడైతే క్రమశిక్షణ ఇంకో మెట్టు ఎక్కుతుంది. నీతి సంఘం అనుమతి, జీసీపీ (పరిశోధన సరిగా నడిపే నియమాల) శిక్షణ ఉండాలి. అధ్యయనం తాలూకు బాధ్యతల పట్టికలో పేరెక్కకుండా పాల్గొనేవాళ్లని ముట్టుకోకూడదు. రాసినదాంట్లో తప్పుంటే తెల్లరంగు పూయడం ఉండదు: ఒక్క గీత కొట్టి, సంతకం, తేదీ. పటాల్ని ఇద్దరు విడివిడిగా, రోగి లక్షణాలు తెలియకుండా చదవాలి. సాధారణ హద్దుల్ని ఎక్కువగా ఆరోగ్యవంతుల్లో 95వ శాతం దగ్గర గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో ఐదుగురు ఆ గీతకు అవతలే ఉంటారు. ఇది గుర్తున్నవాళ్లు ఐఆర్‌పీ 16 వచ్చిందని తొందరపడరు.

అకలేసియాకు పోయెమ్ (నోట్లోంచి ఎండోస్కోపీతో కింది కవాటం కండరాన్ని కోసే) చికిత్స ఇప్పుడు హైదరాబాద్‌లోనూ పెద్దసంఖ్యలో చేస్తున్నారు. అక్కడ చేయించుకుని ఇక్కడికి ఉద్యోగానికి వచ్చినవాళ్లు తర్వాతి పరీక్షలకు మా దగ్గరికే వస్తారు. వాళ్లు తెచ్చే డిశ్చార్జి సమ్మరీలో ‘అకలేసియా, టైప్ 2’ అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ ఉండదు. ఇండియా నుంచి బయల్దేరేముందు అడిగి తెచ్చుకోవాల్సినవి: మానోమెట్రీ రంగు పటాల ప్రింటు, వీలైతే అసలు ఫైలు, క్యాథెటర్ ఏ కంపెనీది, పడుకోబెట్టి చేశారా కూర్చోబెట్టి చేశారా, చికిత్సకు ముందు ఐఆర్‌పీ ఎంత, కండరం ఎన్ని సెంటీమీటర్లు కోశారు, బేరియం ఎక్స్‌రేలు.