అలంపురంలో అమ్మవారి ఇల్లు

కర్నూలు నుంచి హైదరాబాద్ హైవే మీద వస్తూ అలంపూర్ చౌరస్తాలో దిగి, ఆటోలో ఊళ్లోకి వెళ్లాం. తుంగభద్ర ఒడ్డునే ఊరు. శ్రీశైలానికి దీన్ని పశ్చిమ ద్వారమంటారు.

నదీ స్నానం చేసుకుని ముందు బాలబ్రహ్మేశ్వరుణ్ణి దర్శించుకున్నాం. ఇక్కడి నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించినవి. పేరులో బ్రహ్మ ఉన్నా లోపల ఉన్నది శివుడే. స్వర్గబ్రహ్మ గుడి చుట్టూ తిరుగుతూ దిక్పాలకుల శిల్పాలు ఒక్కొక్కటీ చూస్తుంటే కాలు ముందుకు పడలేదు. మావాళ్లు పిలుస్తూనే ఉన్నారు.

నన్ను కదిలించింది మాత్రం జోగులాంబ అమ్మవారే. అష్టాదశ శక్తిపీఠాల్లో అయిదోది. జటాజూటంలో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం... అంతటి ఉగ్రరూపం! 1390లో బహమనీ సైన్యం దాడిలో ఆమె గుడి నేలమట్టమైంది. విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వరాలయంలో ఉంచి అక్కడే కొలుచుకున్నారు. తిరిగి సొంత గుడి కట్టి ప్రతిష్ఠ చేసింది 2005లో. అంటే ఆరువందల ఏళ్లకు పైగా! అన్ని తరాలవాళ్లు దీపం ఆరనివ్వకుండా చూసుకున్నారంటే ఆ భక్తిని ఏమని చెప్పను? కుంకుమ చేతిలో పెడుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఈ ఊళ్లో కూలినవి, మునగబోయినవి మళ్లీ నిలబడ్డాయి. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు, కృష్ణ తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయం నీళ్లపాలయ్యేదే. రాయి రాయి విడదీసి, దేనికదే గుర్తుపెట్టుకుని, ఇక్కడికి తెచ్చి యథాతథంగా పేర్చారు. గోడ మీద చెయ్యి పెట్టి రాళ్ల అతుకులు తడిమి చూశాను. వెయ్యేళ్లు దాటిన గుడిని ఊడదీయాలంటే ఆ పనివాళ్లకు ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో!

పాపనాశి గుళ్లదీ అదే కథ. మునక నుంచి తప్పించి తెచ్చినవే. చాలామంది అమ్మవారి దర్శనం కాగానే వెనక్కి బస్సెక్కేస్తున్నారు. ఆటో మాట్లాడుకుని అవి కూడా చూసి రండి, పెద్ద దూరం కాదు.