నాలుగు రేకుల గుండె వాల్వ్ మోడల్: ఇప్పటిదాకా అయిన పని

నాలుగో రేకు కూడా అతుక్కుంది. నీళ్ళు పోసి చూసిన, మధ్యల నుంచి కారుతుంది, కారాలె కూడా.

మా అక్క అనాటమీ చెప్తది. వాళ్ళ దగ్గర డిసెక్షన్ చేస్తుంటే ఒక గుండెల, రక్తాన్ని ఒంటికి మోసే పెద్ద గొట్టం (అయోర్టా) మొదట్ల ఉండే అయోర్టిక్ వాల్వ్‌కి మూడు రేకులు ఉండాల్సింది నాలుగు కనబడ్డయట, "తమ్మీ, పిల్లలు చేతిల పట్టుకొని చూసేటట్టు ఒకటి చెయ్యరా" అన్నది. పుట్టుకతోనే వచ్చే తేడా ఇది, పోస్ట్‌మార్టంలల్ల సుమారు 0.008 శాతం అంటరు, అంటే పదివేల గుండెలు చూసినా ఒకటి దొరుకుతదని గ్యారంటీ లేదు. 1973ల హర్విట్జ్, రాబర్ట్స్ అనే డాక్టర్లు వీటిని ఏడు రకాలు చేసిన్రు, నేను చేసేది బీ రకం, మూడు సమానం ఒకటి చిన్నది.

ముందు మామూలు వాల్వ్ అర్థం కావాలె, దానికి మేక గుండె చాలు. మటన్ షాపుల చెప్పకపోతే పైన గొట్టాలు మొదలంటా కోసేస్తరు, అందుకే "అన్నా, రెండు వేళ్ళంత గొట్టం వదిలెయ్, చీల్చకు" అని ముందే అనాలె. లోపలి రక్తం గడ్డలు చల్లనీళ్ళతో కడిగి అయోర్టాల నీళ్ళు పోస్తే మూడు రేకులు ఉబ్బి ఒకదానికొకటి ఆనుకొని మూసుకుంటయ్, చూస్తుంటే నాకైతే ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తది. తర్వాత నీళ్ళు మెల్లగ దిగుతయ్, వాల్వ్ లీకనుకోవద్దు, రేకుల వెనకనే గుండె కండకి రక్తం పోయే కరోనరీ రంధ్రాలుంటయ్, అట్లనుంచి పోతయ్.

మోడల్‌కి గొట్టం, రేకులు రెండూ సిలికాన్‌తోనే, ఎందుకంటే గట్టిపడ్డ సిలికాన్‌కి సిలికాన్ తప్ప ఏదీ సరిగ అతకదు. గొట్టానికి ప్లాస్టిక్ పైపు ముక్క మీద వాసలిన్ రాసి పూత వేసిన. రేకులకి చిన్న స్పూన్ వెనకవైపు బ్రష్‌తో రెండు పల్చటి పూతలు, మందమైతే రేకు మూసుకోదు. సిలికాన్‌ని గట్టిపరిచే హార్డెనర్ కళ్ళతో కాదు, తూకం మిషన్ మీద కొలవాలె, ఎక్కువైతే బ్రష్ మీదనే బిగుసుకుంటది. ఆరినంక పౌడర్ చల్లితే ఒకదానికొకటి అంటుకోవు.

ఇగ లీక్ సంగతి. మూడు రేకులైతే అంచులు ఒక్క చోట కలుస్తయ్, నాలుగోది వచ్చేసరికి నడుమ చిన్న చదరపు సందు మిగులుతుంది. నిజం గుండెల అదే సందుల నుంచి రక్తం వెనక్కి ఎడమ జఠరికలకి (రక్తాన్ని అయోర్టాలకి నెట్టే కింది గది) కారుతది, ఏండ్ల తరబడి ఆ బరువు మోసి అది పెద్దగైతది, కొందరికి నడి వయసుల ఆపరేషన్ దాకా పోతది.

కరోనరీ రంధ్రాలు ఇంకా పెట్టలే. తర్వాత మూడు రేకులది కూడా అదే సైజుల చేస్తా, రెండిట్ల పక్కపక్కన నీళ్ళు పోసి చూడొచ్చు.