ఒకే వంటిల్లు, రెండు రిపోర్టులు

ఆఫీసు హెల్త్ చెకప్‌లో నా ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 242 అని వచ్చింది. చాలా ఎక్కువ. మా వారిది 118 మాత్రమే. ఇద్దరం తినేది ఒకే కూర, ఒకే నూనె. పైగా నేను సన్నగా ఉంటాను. ఆయనకు మాత్రం ట్రైగ్లిజరైడ్లు 310, రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. రెండూ ఎక్కువే.

ఆయన సంగతి త్వరగానే తేలింది. ఒంటికి అవసరమైన దానికన్నా ఎక్కువగా తిన్న చక్కెరను, పిండిపదార్థాలను కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. అవే ట్రైగ్లిజరైడ్లు. టీలో పంచదార, కూల్‌డ్రింకులు మానేసి, రాత్రి అన్నం తగ్గించి, రోజూ నడిచేసరికి తర్వాతి పరీక్షలో 200 లోపుకు దిగాయి.

నా అంకె అలా దిగేది కాదు. అత్తయ్య పాపం 'కొలెస్ట్రాల్ లేదు' అని రాసి ఉన్న నూనె తెప్పించారు. అసలు గింజల నుంచి తీసే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. డాక్టరు గారు ముందు థైరాయిడ్, మూత్ర పరీక్షలు చేయించారు. థైరాయిడ్ మందగించినా, కిడ్నీ దెబ్బతిన్నా ఎల్‌డీఎల్ పెరుగుతుందట. రెండూ బాగానే ఉన్నాయి. అప్పుడు నాన్న గురించి అడిగారు. నాన్న 43 ఏళ్లకే గుండెపోటుతో పోయారు, సిగరెట్ ముట్టని మనిషి. మేనత్తకు మడమల వెనక గట్టి బుడిపెలు ఉన్నాయని చెప్పగానే ఆయన పెన్ను కింద పెట్టారు. అవి కొలెస్ట్రాల్ పేరుకున్న గడ్డలు కావచ్చట.

నాది వంశపారంపర్యంగా వచ్చిన లోపమై ఉంటుందన్నారు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కోవడానికి కాలేయ కణాల మీద కొక్కేల్లాంటి గ్రాహకాలుంటాయి. వాటిని తయారుచేసే జన్యువు మనకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. ఒకటి పాడైనా చాలు, గ్రాహకాలు తగ్గిపోయి పుట్టినప్పటి నుంచే ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉంటుంది. ఈ గ్రాహకాల సంగతి కనిపెట్టిన శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టైన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. పథ్యంతో కొంతే తగ్గుతుంది, మందు తప్పదు. జన్యు పరీక్ష కోసం ఆగక్కర్లేదంటూ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టారు. ఇప్పుడు నా ఎల్‌డీఎల్ 110. ఇంకా దించాలంటున్నారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది పిల్లల విషయం. ఈ లోపం నా నుంచి ఒక్కొక్కరికీ వచ్చేందుకు సగానికి సగం అవకాశం. పాపకు ఎల్‌డీఎల్ 84 వచ్చింది, పదకొండేళ్ల బాబుకు 178. వాడి కోసం పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం. ఇంత చిన్న వయసులోనే తెలియడం వాడికి మేలని గట్టిగా నమ్ముతున్నాను. నాన్నకు ఆ అవకాశమే రాలేదు.

ఇంట్లో ఇంకో మాట నడుస్తోంది, మేనత్త మనవరాలిని మా అన్నయ్య కొడుక్కి చేసుకోవాలని. ఈ లోపం ఇద్దరిలోనూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు జన్యువులూ పాడైనవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అలాంటి పిల్లలకు చిన్నతనంలోనే గుండె జబ్బు రావచ్చు. అందుకే ముహూర్తాల కన్నా ముందు ఇద్దరికీ లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించాలని పట్టుబట్టాను. పెద్దవాళ్లకు కోపం వచ్చింది. అయినా అన్నయ్య నా మాట విన్నాడు. అబ్బాయికి ఎల్‌డీఎల్ 205 ఉంది. అమ్మాయి రిపోర్టు రావాలి.